తూము పూడితే కట్ట తెగుద్ది: ఒక డాట్సన్ 240జెడ్ కథ

(ఆటోమొబైల్ చదువుకునే పిల్లలకూ, షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్ళకూ నెల్లూరులో ఒక ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినాయన అల్లూరు వైపు మనిషి. నెల్లూరు ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ళు మస్కట్‌లో మెకానిక్‌గా చేసి తిరిగొచ్చారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. మాట తడబడిన చోట్లు తప్ప మిగతాదంతా ఆయన చెప్పినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నోళ్ళకి వినపడతా ఉందా? చెయ్యెత్తండి. ఆ ఫ్యాను కింద కూర్చున్న నాయనా, నీకు? సరే. నాకు మైకు అలవాటు లేదు. నడిచే ఇంజను పక్కన నిలబడి అరుచుకుంటా మాట్లాడటమే అలవాటు. గొంతు పెద్దదైతే ఏమనుకోబాకండి.

మీ మాస్టారు నాకు ఫోన్ చేసి, "అన్నా, మా పిల్లకాయలు పొద్దస్తమానం ఫోన్లలో జపాన్ స్పోర్ట్స్ కార్లు చూస్తా ఉంటారు, నువ్వు అట్టాంటిది ఒకటి, పాడుబడ్డ డాట్సన్ 240జెడ్‌ని, నీ చేత్తో బాగుచేసి లేపావు గదా, వచ్చి చెప్పు" అన్నారు. లేపానన్న మాట నిజమే. అయితే ఎన్నిసార్లు పడగొట్టి లేపానో కూడా చెప్తా. అది చెప్పకపోతే ఈ వచ్చింది దండగ.

ముందు ఒక మాట అడుగుతా. డాట్సన్ అంటే మీకేం గుర్తొస్తుంది? ... ఆ, గో. డాట్సన్ గో. 2014లో వచ్చింది. మన చెన్నై పక్కన ఒరగడంలో తయారయ్యేది. 2022లో ఆ పేరే ఆపేశారు. మీకు డాట్సన్ అంటే ఆ చిన్న కారు. మీ తప్పు కాదు. కానీ ఆ పేరు చాలా పాతది. వెనకటికి జపాన్లో ఒక కంపెనీకి డబ్బు పెట్టినోళ్ళు ముగ్గురు: డెన్, అవొయామా, టకెయుచి. ముగ్గురి మొదటి అక్షరాలు కలిపి డ్యాట్ అన్నారు. 1931లో ఒక చిన్న కారు చేస్తే, అది డ్యాట్‌కి కొడుకు గదా, ఇంగ్లీషులో కొడుకుని సన్ అంటారు గదా, అందుకని డాట్సన్ అని పెట్టారు. తీరా చూస్తే జపాన్ భాషలో 'సొన్' అంటే నష్టం. బండి పేరులోనే నష్టం! వెంటనే స్పెల్లింగు మార్చి కొడుకుని తీసేసి సూర్యుణ్ణి పెట్టారు. పేరులో ఒక అక్షరం ఎక్కువ పెట్టించుకోడానికి మనోళ్ళు ఎంతెంత దూరాలు పోతారో మీకు తెలుసు. అక్కడా అంతే.

సరే, మన కారు సంగతి. 1969 అక్టోబర్లో జపాన్లో దాన్ని బయటపెట్టారు. పేరు ఫెయిర్‌లేడీ జెడ్. స్పోర్ట్స్ కారుకి ఆడమనిషి పేరు ఏంది? వాళ్ళ ప్రెసిడెంటు కవమాటా అమెరికాలో 'మై ఫెయిర్ లేడీ' అనే సంగీత నాటకం చూసి ముచ్చటపడి, అంతకుముందు కారుకే ఆ పేరు పెట్టేశాడు, అది దీనికీ వచ్చింది. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూసే కటయామా అనే ఆయనకి మాత్రం అది నచ్చలేదు. ఈ పేరుతో అమెరికాలో మగోడు ఎవడూ కొనడు అన్నాడు. ఓడ దిగిన కార్ల మీద ఫెయిర్‌లేడీ అన్న రేకులు పీకించి, 240జెడ్ అన్నవి పెట్టించాడు. 240 అంటే ఏందో చెప్పండి? ... కరెక్ట్. 2.4 లీటర్ల ఇంజను. ఆయన 105 ఏళ్ళు బతికి 2015లో పోయాడు.

ధర 3,526 డాలర్లు. ఈ స్థాయి యూరప్ కార్లు ఇంతకి ఎంతో ఎక్కువ అడిగే రోజులు అవి. ఈ ధరకి ఏమిచ్చారయ్యా అంటే, వరసగా ఆరు సిలిండర్లు, 2,393 సీసీ, 151 హార్స్ పవర్, కింద ఇనప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు, నాలుగు చక్రాలకీ విడివిడి సస్పెన్షన్. మన అంబాసిడర్‌కి వెనక రెండు చక్రాలకీ ఒకటే ఇరుసు, కమాన్ కట్టల మీద ఉంటుంది గదా, ఒక చక్రం గుంటలో పడితే రెండోదీ వంగుద్ది. దీనికి అట్టా కాదు. ఏ చక్రం బతుకు దానిదే. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. బండి బరువు వెయ్యి కిలోలకి కొంచెం ఎక్కువ, అంతే. వెయ్యి కిలోలని 151 గుర్రాలు లాగితే ఎట్టా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకొకటి చెప్పి కత లోకి వస్తా. ఆఫ్రికాలో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ అని ఉండేది. బురద, గులకరాళ్ళు, ఏనుగులు కూడా అడ్డం వచ్చే దారి. 1971లో ఈ 240జెడ్ గెలిచింది. 1973లో మళ్ళీ గెలిచింది. 73లో నడిపిందెవరో తెలుసా? శేఖర్ మెహతా. పేరు చూడండి. ఉగాండాలో పుట్టిన మన భారతీయ కుటుంబం పిల్లోడు. రెండో స్థానంలో ఉన్నోడితో పాయింట్లు సమానమైతే, టై విప్పి ఈయన్ని గెలిపించారు. అదీ ఇంకో డాట్సనే. తర్వాత ఇంకో నాలుగుసార్లు ఆ ర్యాలీ గెలిచాడు. ఈ కారు అద్దాల గదిలో పెట్టుకునే బొమ్మ కాదని చెప్పడానికి ఈ ముచ్చట చెప్పా.

నేను మస్కట్‌లో వాదీ కబీర్ అనే చోట పనిచేసేవాణ్ణి. గ్యారేజీలు అన్నీ అక్కడ వరసగా ఉంటాయి, మన ఆటోనగర్ లాగానే. ఒకరోజు ఒక ఒమానీ మాస్టారు వచ్చాడు. బళ్ళో లెక్కలు చెప్పే ఆయన. వాళ్ళన్న అమెరికాలో చదువుకుని వచ్చేటప్పుడు ఓడలో ఈ కారు తెచ్చుకున్నాడంట. 1971 మోడల్. ఆ అన్న పోయాక, బండి ఖర్జూరం తోటలో టార్పాలిన్ కింద పందొమ్మిదేళ్ళు పడి ఉంది. మా మేనేజరు వాట్సాప్ ఫోటోలు చూసి, "తుక్కుకి వేసెయ్" అన్నాడు. నేను పక్కనే ఉండి బానెట్ లోపలి ఫోటో ఒక్కటి చూశా. చూసి, "సార్, నేను చేస్తా" అన్నా.

ఏం చూశానో చెప్పుకోండి? రెండు గుండు కార్బరేటర్లు, గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి ఇచ్చేవి. ఎస్‌యూ రకం, అది ఇంగ్లాండు కంపెనీ పేరు. జపాన్లో హిటాచీ వాళ్ళు లైసెన్సు తీసుకుని చేసినవి. వాటిని చూస్తే నాకు మా మేస్త్రి గుర్తొచ్చాడు. నేను పద్నాలుగో ఏట పనిలో చేరినప్పుడు, ఆటోనగర్‌లో మా మేస్త్రి నా చేత మొదట విప్పించింది అంబాసిడర్ ట్యాక్సీ కార్బరేటరే. అదీ ఎస్‌యూనే. దానికి ఒకటి, దీనికి రెండు. అంతే తేడా. మస్కట్‌లో కుర్ర మెకానిక్కులకి స్కానరు పెట్టడం వస్తుంది గానీ ఇది తెలీదు. నెల్లూరు ట్యాక్సీ స్టాండులో నేర్చిన విద్య జపాన్ స్పోర్ట్స్ కారుకి పనికొస్తుందని ఎవడనుకుంటాడు?

ఇప్పుడు నా మొదటి తప్పు. ఉషారుగా ఇంజను దగ్గర మొదలుపెట్టా. సిలిండర్లలో ఆయిలు పోసి రెండ్రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పి, స్పార్కు కోసం కరెంటు తెంచే పాయింట్లు ఉప్పు కాగితంతో గీకి, కొత్త పెట్రోలు సీసాలోంచి పెట్టి, మూడో రోజు సాయంత్రం స్టార్ట్ చేశా. పొగ... గ్యారేజీ అంతా పొగ. అందరూ వచ్చి ఫోటోలు. మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెద్ద హీరోలాగా నిలబడి ఉన్నా. అప్పుడు మా టింకరింగ్ మేస్త్రి, మలయాళీ ఆయన, ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని డ్రైవరు కాళ్ళ కింద నేల మీద పొడిచాడు. అప్పడం లోకి దిగినట్టు దిగింది. కింద సిమెంటు కనపడతా ఉంది. నా మొహం చూసి, "ఇంజను బానే ఉంది, పెట్టుకోడానికి బండి కావాలి గదా" అన్నాడు.

రాసుకోండి. పాత బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం విని మోసపోబాకండి. ఇంజను ఎప్పుడైనా చెయ్యొచ్చు. ముందు బాడీ చూడండి. ఒక అయస్కాంతం తీసుకుని పల్చటి గుడ్డలో చుట్టి బండి చుట్టూ ఆనించుకుంటా పోండి. రేకు ఉన్న చోట అంటుకుంటుంది, లప్పం ఉన్న చోట జారిపోద్ది. ఈ బండికి వెనక చక్రాల పైన అయస్కాంతం అసలు నిలవలేదు. గీకితే వేలు మందం లప్పం. ఎవరో ఎప్పుడో తుప్పు మీద పూసి, పైన ఎర్ర రంగు కొట్టేశారు.

దీనికి తుప్పు ఎక్కడెక్కడ పడుతుందో ప్రపంచమంతా తెలిసిందే. బ్యాటరీ పెట్టే ట్రే, దాని కింద ఛాసిస్ పట్టీ, కాళ్ళ కింద నేల, తలుపుల కింద గడప లాంటి పెట్టె, వెనక చక్రాల అంచులు, డిక్కీ తలుపు ఆనుకునే పట్టీ. బ్యాటరీ దగ్గర యాసిడ్ వల్ల అనుకోండి. మిగతా చోట్ల ఎందుకు? అందరూ ఏం చేస్తారు, తుప్పు కోసేస్తారు, కొత్త రేకు అతుకుతారు, రంగు కొడతారు. ఎందుకొచ్చిందని అడగరు. నేనూ అడగలేదు. అమెరికాలో ఈ బండికి నేల రేకులు కొత్తవి అచ్చుపోసి అమ్ముతారు. అవి తెప్పించాం. పాత నేల మీద తారు షీట్లు అంటించి ఉంటాయి, చప్పుడు రాకుండా. అవి ఊడి రావు. ఐస్‌క్రీం వాళ్ళ దగ్గర డ్రై ఐస్ తెచ్చి పరిచి పది నిమిషాలు ఉంచితే, తారు గాజు లాగా గట్టిపడుతుంది. సుత్తితో తడితే పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. చేతులకి గ్లవ్స్ మాత్రం వేసుకోండి, లేకపోతే చర్మం కూడా లేస్తుంది. ఆ తారు కింద చూస్తే, నీళ్ళు ఎన్నేళ్ళు నిలిచాయో గానీ, రేకు నల్లటి ఆకు లాగా అయిపోయింది.

కొత్త నేల వేశాం. నెల రోజుల పని. ప్రైమర్ కొట్టాం. చూడముచ్చటగా ఉంది. మాస్టారు వస్తున్నాడని బండిని పైపుతో కడిగా. ఒక్క కడుగుడు. తలుపు తీసి చూస్తే కొత్త నేల మీద నీళ్ళు నిలబడి ఉండాయి!

నేను నెల్లూరోణ్ణి. చెరువుల కింద పుట్టినోణ్ణి. చెరువుకి తూమూ, అలుగూ పూడితే ఏమవుద్ది? నీళ్ళు ఆగవు గదా, కట్ట మీద నుంచి పొర్లతాయి, కట్ట తెగుద్ది. ఇది మా ఊళ్ళో గొర్రెలు కాసే పిల్లోడికి కూడా తెలుసు. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసులో తట్టలేదు.

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, జల్లెడ లాగా చిల్లులు ఉంటాయి చూడండి, అన్ని కార్లకీ ఉంటాయి. వాన నీళ్ళు దాంట్లోంచి ఒక పెట్టె లోకి పడతాయి. ఆ పెట్టెకి రెండు పక్కలా తూములు ఉంటాయి. నీళ్ళు అక్కడి నుంచి ముందు మడ్‌గార్డు వెనక దిగి, తలుపు ముందు కింద మూల నుంచి నేల మీద పడాలి. అదీ దారి. ఖర్జూరం తోటలో పందొమ్మిదేళ్ళు ఉన్న బండికి ఆ తూముల్లో ఏముంటుంది? నేను మడ్‌గార్డు విప్పితే ఎండిన ఆకులు, మట్టి, ఒక ఎలుక గూడు, అన్నీ కలిసి ఇటుక లాగా అయ్యి ఉన్నాయి. అరబొచ్చె మట్టి. ఆ మట్టి తడిసినప్పుడల్లా నెలల తరబడి తడి పట్టుకుని ఉంటుంది. తూము మూసుకుపోయింది గాబట్టి నీళ్ళు పెట్టెలోంచి పొర్లి, లోపలికి వచ్చి, తారు షీట్ల కిందికి పోయాయి. అందుకే నేల పోయింది. అందుకే గడప పోయింది. తుప్పు పట్టిన చోట్లు రెండు, కారణం ఒక్కటే.

ఆ మట్టి తీసి, తూములు గుచ్చి, నీళ్ళు పోసి ఎక్కడ పడుతున్నాయో కింద కూర్చుని చూశా. రెండు వైపులా ధారగా పడేదాకా చూశా. ఆ తర్వాతే గడప పని మొదలుపెట్టాం. లోపలి ఖాళీల్లోకి పొడుగాటి గొట్టంతో మైనం స్ప్రే కొట్టాం, ఎందుకంటే అక్కడికి బ్రష్షు పోదు, తుప్పు మాత్రం పోద్ది.

మీలో రొయ్యల బండ్లకి పనిచేసేవాళ్ళు ఎవరున్నారు? ఆ... ముగ్గురు. మీకు నేను చెప్పాల్సింది లేదు. రొయ్యల ట్రేలలోంచి కారే ఉప్పునీళ్ళు ఛాసిస్ పట్టీల మధ్యలో ఎట్టా దూరుతాయో మీకు తెలుసు. వెల్డింగ్ పెట్టిన చోటే మళ్ళీ ఏడాదికి ఎందుకు పోతుందని ఓనరు మిమ్మల్ని తిడతాడు. ఈసారి బండి కిందకి పోయి పడుకుని, నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూడండి. కారే చోట ఒక చిన్న వంపు పట్టీ పెట్టి మళ్ళిస్తే చాలేమో.

బాడీ గురించి ఇంకో రెండు మాటలు. గడపలు, నేల కోసేటప్పుడు బండి వంగిపోద్ది. పైకప్పు లేని ఇంటికి గోడ తీసినట్టే. అందుకని కోసే ముందే తలుపు ఖాళీల్లో ఇనప పైపులు అడ్డంగా వెల్డ్ చెయ్యాలి. తలుపుకీ బాడీకీ మధ్య సందు ఎంత ఉందో నాలుగు చోట్ల కొలిచి గోడ మీద రాసి పెట్టాలి. మా మలయాళీ మేస్త్రి రోజూ పొద్దున టీ తాగే ముందు ఆ సందులో వేలు పెట్టి చూసేవాడు, ఆ తర్వాతే పని.

రెండోది నా తొందర. బానెట్ రంగు తీయించడానికి బయట ఇసుక బ్లాస్టింగ్ చేసే ఒక షాపుకి పంపా. పొద్దున పంపితే సాయంత్రానికి తెచ్చేశారు. చూస్తే అలలు అలలుగా ఉంది. ఇసుక అంత వేగంగా కొడితే పల్చటి పెద్ద రేకు సాగిపోద్ది. చిన్న బ్రాకెట్లకి, ఛాసిస్ పట్టీలకి ఇసుక బాగుంటుంది, బానెట్‌కి, పైకప్పుకి వద్దు. వాళ్ళకి చెప్పకుండా పంపింది నేను. పెషావర్ నుంచి వచ్చిన పెయింటర్ ఉస్తాద్ ఆ బానెట్‌ని చేత్తో తడిమి, ఏమీ అనలేదు. పద్దెనిమిది రోజులు సుత్తి, దిమ్మె పట్టుకుని కూర్చున్నాడు. కంటితో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని అరచేత్తో రాసి చూసేవాడు. అరచేతికి తెలిసినంత కంటికి తెలీదంట.

రంగు ఏం కొట్టాలి? మాస్టారికి ఎరుపే గుర్తు. సీటు కింద కార్పెట్ ఎత్తితే నారింజ రంగు కనపడింది. కంపెనీ అసలు రంగు, 918 నంబరు ఆరెంజి. ఎప్పుడో ఎరుపు కొట్టించారు. మాస్టారు రెండ్రోజులు ఆలోచించి ఆరెంజే అన్నాడు. ఆ రంగు పడ్డాక గ్యారేజీలో దాని పక్కన ఏ బండి పెట్టినా అది పాతబడినట్టు కనిపించేది.

ఇప్పుడు ఇంజను. ఇది జాగ్రత్తగా వినండి, చివర్లో దీని మీద ప్రశ్న ఉంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగని సైలెన్సర్ వైపు పంపే గొట్టాల కట్ట, పోత ఇనుము. హెడ్డు అల్యూమినియం. రెండిటినీ పట్టుకునేది ఉక్కు స్టడ్లు, అంటే తల లేని బోల్టులు. వేడెక్కినప్పుడు ఒక్కోటి ఒక్కో లెక్కలో సాగుతుంది. మ్యానిఫోల్డ్ పొడుగాటిది గదా, ఆరు సిలిండర్ల పొడవు. మధ్యలో పెద్దగా కదలదు, కొసల్లో ఎక్కువ కదులుతుంది. అందుకని ఎప్పుడు తెగినా కొసన ఉన్న స్టడ్లే తెగుతాయి, ఒకటో సిలిండర్ దగ్గర, ఆరో సిలిండర్ దగ్గర. మా బండికి ఆరో దగ్గర తెగింది. అదీ హెడ్డుకి సమానంగా, పట్టుకోడానికి గింజంత కూడా లేకుండా. డ్రిల్లు పెడదామా? ఉక్కు గట్టిది, అల్యూమినియం మెత్తనిది. డ్రిల్లు జారి మెత్తని వైపే పోద్ది. పోతే హెడ్డు పోయినట్టే. ఏం చేశామంటే, తెగిన ముక్క మీద ఒక వాషర్ పెట్టి, దాని చిల్లులోంచి వెల్డింగ్ చుక్క పెట్టాం. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అంటుకోదు, స్టడ్డుకే అంటుతుంది. దాని పైన నట్టు పెట్టి మళ్ళీ వెల్డింగ్. ఆరేదాకా ఆగి, మెల్లగా తిప్పాలి. మొదటిసారి నట్టు ఊడింది. రెండోసారి ఊడింది. మూడోసారీ ఊడింది. నాలుగోసారి "కిర్ర్" అంది. ఆ కిర్రు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

స్టడ్డు తెగి మ్యానిఫోల్డ్ దగ్గర గాలి కారితే ఎట్టా తెలుస్తుంది? టిక్ టిక్ అని శబ్దం. వాల్వుని నొక్కే టాపెట్ లూజుగా ఉన్నా టిక్ టిక్కే. రెండూ ఒకేలా ఉంటాయి. దీని టాపెట్ సందు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.25. మరి టాపెట్టా, స్టడ్డా, ఎట్టా చెప్తారు? ఆలోచిస్తా ఉండండి. ఒక్కటి మాత్రం చెప్తా. ఇనుము వేడెక్కితే సాగి సందు మూసుకుంటుంది.

కార్బరేటర్ల దగ్గరికి వస్తా. ఎస్‌యూలో అందం ఏందంటే, దాని గుండు లోపల ఒక పిస్టన్, ఆ పిస్టన్ కింద ఒక సూది. ఇంజను ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది, సూది అంత పైకి వచ్చి పెట్రోలుకి అంత దారి ఇస్తుంది. ఆకలికి తగ్గ ముద్ద. పైన గుండులో కొంచెం ఆయిలు ఉంటుంది, పిస్టన్ ఎగిరెగిరి పడకుండా. ఆ ఆయిలు అయిపోతే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి తడబడుతుంది. చాలామంది దీనికోసం కార్బరేటర్ అంతా విప్పేస్తారు. రెండు చుక్కలు ఆయిలు పోస్తే పొయ్యేదానికి.

దీనికి కార్బరేటర్లు రెండు. ఒక్కోటి మూడు సిలిండర్లకి. ఒంగోలు ఎడ్ల జత కాడి కింద పోవడం చూశారా? ఒకటి కొంచెం ముందు లాగిందంటే కాడి వంకర పోద్ది, బండి ఊగుద్ది. ఈ రెండూ అంతే, సమానంగా గాలి పీల్చాలి. దానికి మీటరు ఉంది. నేను మీటరు వాడను. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒక కార్బరేటర్ మూతి దగ్గర. "స్స్స్" అని వినపడుతుంది. రెండోదానికి మార్చు. రెండు స్స్‌లూ ఒకే శ్రుతిలో వచ్చేదాకా మరలు తిప్పు. ఆ తర్వాత పెట్రోలు లెక్క. కింద నట్టుని పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి రెండున్నర చుట్లు కిందకి దించితే మొదలుపెట్టడానికి సరిపోద్ది. అప్పుడు పిస్టన్‌ని గోరంత పైకి లేపి చూడండి. ఇంజను వేగం పెరిగి అట్టాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. దిగజారి ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం కొంచెం లేచి మళ్ళీ మామూలైతే, చెయ్యి తీసెయ్యండి. ఇంక ముట్టుకోబాకండి. ముట్టుకుంటేనే పాడవుద్ది.

మొత్తం మూడున్నరేళ్ళు పట్టింది. రోజూ కాదు, మా పని అయ్యాక రాత్రిళ్ళు, సెలవు రోజులు. ఎంత ఖర్చయిందని అడగబాకండి. మాస్టారు లెక్కల మాస్టారు, ఆయన కూడా లెక్క చూసుకోలేదు.

అన్నీ కొత్తవి చెయ్యలేదు. ఇది కూడా చెప్పాలి. డ్యాష్‌బోర్డు మధ్యలో ఒక పెద్ద పగులు. ఈ కార్లకి ఎండకి అందరికీ పగులుతుంది. కొత్త డ్యాష్ తెప్పిస్తానంటే మాస్టారు వద్దన్నాడు. వెనక అద్దం మీద అమెరికా కాలేజీ పార్కింగ్ స్టిక్కర్ ఒకటి, సగం ఊడిపోయింది, నంబరు కూడా సరిగ్గా కనపడదు. పెయింటర్ ఉస్తాద్ బ్లేడుతో గీకబోతే మాస్టారు చెయ్యి పట్టుకున్నాడు. రంగు కొట్టేటప్పుడు ఆ స్టిక్కర్ మీద టేపు వేసి కాపాడాం. బండి మొత్తంలో నేను కన్ను ఆర్పకుండా కాపలా కాసింది దాన్నే.

నడిపావా అని అడుగుతున్నావా, ముందు వరస బాబూ? అడగకుండా ఎట్టా ఉంటావులే. నడిపా. శుక్రవారం పొద్దున మాస్టారు తాళం నా చేతికిచ్చి తను పక్క సీట్లో కూర్చునేవాడు. మస్కట్ నుంచి నిజ్వా. నూట అరవై కిలోమీటర్లు, నెల్లూరు నుంచి ఒంగోలు పోయి ఇంకో నలభై పోయినట్టు. ఫంజా దాటాక రెండు వైపులా నల్లటి కొండలు. బానెట్ పొడుగు, మనం దాదాపు వెనక చక్రాల మీద కూర్చుంటాం. స్టీరింగ్‌కి పవర్ లేదు. రోడ్డు మీద ఉన్న ప్రతి గీతా చేతికి తెలుస్తుంది. మూడో గేరులో నాలుగు వేలు దాటాక ఆ ఆరు సిలిండర్లు ఒక రాగం అందుకుంటాయి. దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. నిజ్వాలో హల్వా, ఖహ్వా అనే వాళ్ళ కాఫీ తీసుకుని, ఎండ ముదరకముందే తిరిగి వచ్చేవాళ్ళం.

మొదటిసారి పోయి వస్తే ఇద్దరికీ తలనొప్పి. బండిలో పొగ వాసన. సైలెన్సర్ చూశా, ఎక్కడా లీకు లేదు. ఎర్రబస్సు పోతా ఉంటే దాని వెనక దుమ్ము చూశారా? దుమ్ము వెనక్కి పోకుండా బస్సునే అంటుకుని వస్తుంది. వెనక గాలి ఖాళీ అయ్యి లాగుతుంది. ఈ కారు కూడా అంతే, వెనక పొగని డిక్కీ వైపు లాగుతుంది. డిక్కీ రబ్బరు ఎక్కడ కొంచెం సందున్నా లోపలికి వస్తుంది. ఒక కాగితం పెట్టి డిక్కీ వేసి లాగి చూశా, కింద ఎడమ మూల కాగితం ఊరికే వచ్చేసింది. రబ్బరు మార్చాం, తలనొప్పి పోయింది. ఇక్కడా దారి కనుక్కోవడమే. అక్కడ నీళ్ళు, ఇక్కడ పొగ.

మీకు 240జెడ్ ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. అందుకని దిగులు పడబాకండి. మీ వీధిలో ఆర్‌ఎక్స్ 100 ఉంటుంది. ఎవరింటి వెనకైనా మారుతీ 800 ఉంటుంది, అది కూడా జపాన్ సుజుకి బిడ్డే. కార్బరేటర్ ఉన్న పాతది తెచ్చుకోండి. తాతల నాటి బండి ఉండి, యాభై ఏళ్ళు దాటి ఉంటే, 2021 నుంచి దానికి ప్రత్యేకంగా వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా చేయించుకుంటే నంబరులో వీఏ అని వస్తుంది, 20,000 రూపాయలు, పదేళ్ళకి. దాంతో రోజూ ఆఫీసుకి పోకూడదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, అట్టాంటి వాటికే. ఆ కాగితాల సంగతి మీ మాస్టారు చెప్తారు, నాకు కాగితాలు చేతకావు.

సరే, చివరికి వచ్చా. నేను మస్కట్ నుంచి వచ్చేసినా ఆ ఒమానీ మాస్టారు నన్ను వదల్లేదు. ప్రతి శుక్రవారం బండి స్టార్ట్ చేసి, ఆ శబ్దం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపిస్తాడు. మాటలుండవు, ఉత్త శబ్దం. మా ఆవిడ, "ఏందయ్యా ఆ గోల" అంటది. మొన్న శుక్రవారం రెండు పంపాడు. ఒకటి పొద్దున చల్లటి ఇంజను మీద. రెండోది నిజ్వా పోయి వచ్చాక. మొదటిదాంట్లో ఒక టిక్ ఉంది. నేను జవాబు ఇంకా పంపలేదు. మీ చేత చెప్పించి పంపుదామని ఆగా.

ఆ ఫ్యాన్లు కాసేపు ఆపండి. ఫోను మైకు దగ్గర పెడతా. ఇది చల్లగా ఉన్నప్పటిది... విన్నారా? ఇప్పుడు వేడెక్కాక... మళ్ళీ వేస్తా, ఇదిగో చల్లగా ఉన్నప్పుడు... ఇది వేడెక్కాక... ఫ్యాను కింద కూర్చున్న నాయనా, నువ్వు నవ్వుతా ఉన్నావు, నీకు తెలిసినట్టుంది. లేచి చెప్పు. టాపెట్టా, స్టడ్డా? స్టడ్డయితే, ఏ సిలిండర్ దగ్గర ముందు చూడమని రాయాలి ఆయనకి?